పుట్టకముందే మారిన కాగితం

కొత్త కాగితం వస్తే అది తెరమీద అన్నిటికంటే పైకెక్కి కూర్చుంటుంది. ఆ ఏర్పాటు కంప్యూటరు పని చూసే అమ్మాయి పిచ్చుక చేసిందే. బాబాయి చనిపోయిన మర్నాడు పొద్దున ఆమె గొడుగు ముడుచుకుంటూ పంపింగ్ స్టేషన్ వరండాలోకి వచ్చేసరికి గోడమీది తెరలో ఒక కొత్త కాగితం పైకెక్కి ఉంది.

మురుగు బావిలోకి దిగేవారు పాటించవలసిన జాగ్రత్తలు. దిగేముందు మూత తీసి గాలి ఆడనివ్వాలి. గ్యాస్ మీటరు తాడుతో కిందికి వదిలి చూడాలి. పైన ఒక మనిషి తప్పక కాపలా ఉండాలి. దాని కింద చిన్న అక్షరాల్లో, చివరగా మార్చింది అని ఉండి, ఆ పక్కన ఆ రోజు తేదీ ఉంది.

గొడుగు నీళ్ళు చెప్పులమీద కారుతున్నా పిచ్చుక అక్కడే నిలబడిపోయింది. తెర ముందు నేలమీద ఒకచోట రంగు వెలిసిపోయి ఉంటుంది. బాబాయి రోజూ తడి బూట్లతో వచ్చి నిలబడే చోటు అది. స్టేషన్లో అందరికీ ఆయన బాబాయే. వాల్వులు తిప్పేవాడు. నిన్న బావి అడుగున మురుగు ఆపే తలుపు బిగుసుకుపోయిందని గునపం పట్టుకుని అందులోకి దిగాడు. పంపు ఆపరేటరు పైనుంచి పిలిస్తే ఒకసారి పలికాడు, తర్వాత పలకలేదు. గ్యాస్ మీటరు బ్యాటరీ పోయి ఎన్నాళ్ళనుంచో స్టేషన్ ఇన్‌ఛార్జి సారు గదిలోని బీరువాలో పడుంది.

పిచ్చుక అన్న పేరు కూడా బాబాయి పెట్టిందే. "గింజలు ఏరుకున్నట్టు టకటకా పొడుస్తావేంటే ఆ మీటల్ని," అన్నాడు ఆమె పనిలో చేరిన కొత్తలో. ఆ రోజునుంచి స్టేషనంతా అలాగే పిలిచింది. తెరమీద తేదీలు కూడా ఆయన కోసమే వచ్చాయి. "ఇన్ని కాగితాలు రోజూ కూడబలుక్కుని చదివితే నా డ్యూటీ ఇక్కడే అయిపోతుందే పిచ్చుకా. ఏది కొత్తదో చెప్పు, అదొక్కటీ చదువుకుంటా." ఆమె కంప్యూటరుకి వరసగా పనులు చెప్పే ఒక చిన్న షెల్ స్క్రిప్టు రాసింది. అది సూచనల ఫోల్డరులోకి వెళ్ళి ఒక్కొక్క ఫైలునూ నిన్ను చివరగా మార్చిందెప్పుడు అని అడుగుతుంది. వచ్చిన తేదీని పేరు కింద వేస్తుంది. కొత్తదాన్ని పైన పెడుతుంది. "అంటే మనం అడిగితే ఫైలే చెప్తుందన్నమాట," అని బాబాయి చాలాసేపు ఆశ్చర్యపోయాడు. పిచ్చుక తల ఊపింది. ఎవరేమన్నా ఆమె ముందు తల ఊపుతుంది. మాటకంటే ఆమెకి అది తేలిక.

ఆమె లోపల సిస్టం గదిలో తన కుర్చీలో కూర్చుందో లేదో సారు వచ్చాడు. వెనకాల ఆయన్ని అందరూ ఇస్త్రీ సారు అంటారు. మురుగు వాసన మధ్య కూడా ఆయన చొక్కా మడత నలగదు. ఎప్పుడూ గుమ్మంలో నిలబడి మాట్లాడి వెళ్ళే మనిషి, ఆ రోజు లోపలికి వచ్చి తలుపు వేసి, ఖాళీగా ఉన్న కుర్చీ దుమ్ము దులుపుకుని కూర్చున్నాడు.

"తెరమీద ఆ తేదీ ఏంటమ్మా?"

"మార్చిన తేదీ సార్."

"ఎవరు వెయ్యమన్నారు?"

"ఎవరూ వెయ్యరు సార్. మీరు టైపు చేసి సేవ్ చేసినప్పుడు సిస్టమే రాసుకుంటుంది. స్క్రిప్టు దాన్ని తెచ్చి చూపిస్తుంది."

"తీసెయ్."

"దీనికొక్కదానికా సార్, అన్నిటికీనా?"

ఆయన ఆలోచించాడు. బొటనవేలితో చొక్కాచేతి మడతని పైనుంచి కిందికి రాసుకున్నాడు. "అన్నిటికీ ఉండి దీనికి లేకపోతే బాగోదు. ఉన్నపళంగా అన్నిటికీ తీసేస్తే ఇంకా బాగోదు. ఎల్లుండి పెద్దాఫీసునుంచి విచారణకి వస్తున్నారు. పోయిన నెల తేదీ పడేట్టు చూడు. ఈ మాటలన్నీ నేను నోటితో వందసార్లు చెప్పినవే కదా. కాగితం మీద పెట్టడం ఆలస్యమైంది, అంతే."

పిచ్చుక ఆ మాటలు ఒక్కసారి కూడా వినలేదు.

"వీలవుతుందా, అవదా?"

అవదు సార్ అంటే అయిపోయేది. టైపు చెయ్యడం తప్ప ఆయనకి కంప్యూటరు గురించి ఏమీ తెలియదు, నమ్మేవాడు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. అప్పుడే ఆయన లేచి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగినంత మెత్తగా అన్నాడు: "నీ పర్మనెంటు కాగితం నా బల్లమీదే ఉందమ్మా. ఈ గొడవ తేలగానే సంతకం పెట్టి పంపిద్దామనుకుంటున్నా."

పిచ్చుక తల ఊపింది.

ఆయన వెళ్ళాక కంప్యూటరులో కమాండ్లు కొట్టే నల్లటి కిటికీ తెరిచింది. ఆ పనికి టచ్ అనే కమాండు ఉంది. ఫైలు విప్పక్కర్లేదు. అందులో ఒక్క అక్షరం కదపక్కర్లేదు. ఊరికే తాకి, ఇక నీ తేదీ ఫలానా అని చెప్తే చాలు. ఆమె తేదీ కొట్టి, ఒకసారి చెరిపి, మళ్ళీ కొట్టి ఎంటర్ నొక్కింది. ఏ చప్పుడూ కాలేదు. గది కిటికీలోంచి చూస్తే వరండా తెరమీద ఆ కాగితం పైనుంచి దిగి, పంపు బేరింగులకి గ్రీజు పెట్టే కాగితం కింద సర్దుకుంది. ఎన్నాళ్ళనుంచో అక్కడే ఉన్నట్టుంది. అది పైకెక్కడమూ దిగడమూ ఇంకెవరూ చూడలేదు. ఆ తెరవైపు రోజూ చూసే మనిషి బాబాయి ఒక్కడే.

చేసిన పనిని సరిచూసుకోవడం ఆమెకి అలవాటు. స్టాట్ అని కొట్టింది. ఆ ఫైలు గురించి సిస్టంకి తెలిసినదంతా వరసగా తెరమీద పడింది. మార్చిన తేదీ దగ్గర పోయిన నెల ఉంది. అన్నిటికంటే అడుగున, ఫైలు పుట్టిన తేదీ ఉంది. అది ఈరోజు. టచ్ దాన్ని తాకలేదు. ఆ కాగితం పుట్టకముందే మారింది. పిచ్చుక ఆ నల్లటి కిటికీ మూసేసి, ఎందుకో అరచేతులు బట్టలకి తుడుచుకుంది.

మర్నాడు బాబాయి సామాను తీసుకెళ్ళడానికి ఆయన భార్య వచ్చింది. స్టేషన్ వెనకాల క్వార్టర్లలో మొదటి గది వాళ్ళది. బాబాయి భార్య కాబట్టి ఆమె అందరికీ పిన్ని. పంపు ఆపరేటరు ఆమెను వరండాలోకి తీసుకొచ్చి అల్మారా తాళం తీశాడు. తాడు కట్టి బాబాయిని పైకి లాగింది ఆయనే.

లోపల ఒక పాత చొక్కా, తువ్వాలు, అన్నం డబ్బా, సగం సబ్బు, ఒక దువ్వెన ఉన్నాయి.

"ఇదెందుకు దాచుకున్నాడో," అన్నాడు ఆపరేటరు దువ్వెన ఎత్తిపట్టి. "దీనికి పళ్ళు లేవు, ఆయనకి జుట్టు లేదు. ఇద్దరికీ బాగా కుదిరింది."

పిన్ని ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో వంకర తిరిగి, ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆపరేటరు దువ్వెన డబ్బాలో పడేసి, "పంపు వేడెక్కిందేమో చూసొస్తా," అని వెళ్ళిపోయాడు.

పిచ్చుక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. పిన్ని తాగకుండా గ్లాసు పట్టుకుని తెర ముందుకు వెళ్ళి నిలబడింది. కాళ్ళు ఆ వెలిసిన చోటే పడ్డాయి.

"ఆయన రోజూ చదివేది ఇదేనా?"

"ఇదే పిన్నీ."

"ఏదమ్మా ఆ బావి కాగితం?"

పిచ్చుక వేలితో చూపించింది. పిన్ని పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివింది. తేదీ దగ్గరికి వచ్చి ఆగింది.

"సారు నిన్న ఇంటికొచ్చాడు. రాసి పెట్టామమ్మా, చదవకుండా దిగాడు, మేమేం చేస్తాం అన్నాడు. తప్పు ఆయనదేనని తేలితే గది ఖాళీ చెయ్యాలంట. ఆయన ఉద్యోగం నాకివ్వడం కూడా కుదరదంట. నేనెక్కడికి పోతానో అది తర్వాత సంగతి." ఆమె గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంది. "పోయిన నెల ఆయన కళ్ళజోడు కాడ విరిగింది పిచ్చుకా. బాగుచేయిస్తాలే ఇటివ్వు అని నేనే తీసుకున్నా. రేపు, ఎల్లుండి అనుకుంటూ బీరువామీద పడేశా. సరిగ్గా ఆ రోజుల్లోనే పెట్టినట్టున్నారు ఈ కాగితం. కళ్ళజోడు లేక కనపడి ఉండదు. ఎవర్నైనా చదివిపెట్టమని అడగడానికి మొహమాటపడి ఉంటాడు. అంతేనంటావా?"

పిచ్చుక తల ఊపింది.

ఊపాలని ఊపలేదు. ఎదురుగా ఒక మనిషి జవాబు కోసం చూస్తుంటే మెడ దానంతటదే కదిలింది.

"అంతే అయ్యుంటుంది," అంది పిన్ని. "నేను ఆ కాడ అతికించి ఇచ్చుంటే బతికుండేవాడు." నీళ్ళు తాగకుండానే గ్లాసు కిటికీలో పెట్టి, డబ్బా చొక్కాలో చుట్టుకుని, వానలోకి నడిచి వెళ్ళింది.

పిచ్చుక అక్కా బావల దగ్గర ఉంటుంది. ఒకటే గది, దానికి అంటుకుని వంటచోటు. ఆ సాయంత్రం అక్క వంకాయలు తరుగుతోంది. బావ చెడిపోయిన బల్బు హోల్డరు విప్పి, స్క్రూలు పోకుండా తన చెప్పులో వేసుకుంటున్నాడు. పిచ్చుక గోడకి ఆనుకుని కూర్చుని, జరిగిందంతా తక్కువ మాటల్లో చెప్పింది. కళ్ళజోడు దగ్గరికి వచ్చాక ఆగిపోయింది.

"నువ్వు నీ ఇష్టంతో చేశావా?" అంది అక్క. "చెప్పింది చేశావు. జీతమిచ్చేవాడు చెప్తే చెయ్యకుండా ఎలా?"

"పిన్ని తనవల్లే పోయాడనుకుంటోంది అక్కా."

"అనుకోనీ. నాలుగు రోజులు పోతే ఆవిడే తేరుకుంటుంది."

బావ నోట్లో స్క్రూ పెట్టుకునే అడిగాడు. "గప్‌చుప్‌గా మళ్ళీ అసలు తేదీ వేసెయ్యొచ్చుగా?"

"వెయ్యొచ్చు బావా. అదీ నేను వేసిన తేదీయే అవుతుంది. పోయిన నెలనుంచీ ఉన్నదాన్ని ఈ పిల్లే చెడగొట్టిందంటారు సారు."

"మరి ఆ పుట్టిన తేదీ ఉందన్నావు?"

"వేరే సిస్టంనుంచి తెచ్చి పెట్టిన ఫైలుకి కూడా అలాగే ఉంటుంది. తెచ్చి పెట్టామంటే ఎవరూ కాదనలేరు."

"అయితే ఇంకెలా తేలుతుంది?"

"మార్చింది నేనేనని నేను చెప్పాలి."

కత్తిపీట దగ్గర అక్క చేతిలో వంకాయ ఆగింది. "చెప్పవు కదా?"

పిచ్చుక తల నిలువుగానూ ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. తరిగిన ముక్కలు గిన్నె నీళ్ళలో తేలుతుంటే చూస్తూ కూర్చుంది.

"మీ చెల్లెలు తల ఊపలేదు చూశావా?" అన్నాడు బావ. "ఇక అయిపోయింది మన పని." కానీ అక్క నవ్వలేదు, ఆయనా నవ్వలేదు.

మర్నాడు విచారణకి వచ్చినాయన లావుపాటి మనిషి. గేటు దగ్గర కారు దిగింది మొదలు రుమాలు ముక్కు దగ్గరనుంచి తియ్యలేదు. బావి మూత దూరంనుంచే చూశాడు. పంపు ఆపరేటరుని, ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టి ఏదో అడిగాడు. చివరికి సారు ఆయన్ని వరండాలోకి తెచ్చి తెర చూపించాడు. పిచ్చుకని కూడా పిలిపించాడు.

"అన్ని జాగ్రత్తలూ రాసి పెట్టాం సార్. తేదీ చూడండి, పోయిన నెలలోనే. పాపం మంచి పనివాడే, కానీ మొండి."

"ఈ తేదీలు ఎవరు వేస్తారు?"

"ఎవరూ వెయ్యరు సార్, అదే గదా దీంట్లో గొప్ప. మనిషి చెయ్యి పడదు. సిస్టమే వేస్తుంది. మా అమ్మాయే చేసింది," అని సారు పిచ్చుక భుజంవైపు చెయ్యి చాపాడు, తగలకుండా.

రుమాలాయన కాగితంమీద ఒక వాక్యం రాసుకుని పెన్ను మూత పెట్టాడు. "అయితే ఇంకేముంది."

"సార్," అంది పిచ్చుక.

ఎవరికీ వినపడలేదు. వాళ్ళు గుమ్మంవైపు నాలుగడుగులు వేశారు కూడా.

"సార్. దానికి ఇంకో తేదీ ఉంది."

రుమాలాయన వెనక్కి తిరిగాడు. సారు నవ్వుతూనే ఉన్నాడు గానీ చెయ్యి చొక్కా మడతమీదికి వెళ్ళింది.

సిస్టం గదిలో ముగ్గురికి చోటు చాలదు. పిచ్చుక కూర్చుంది, వాళ్ళు వెనక నిలబడ్డారు. స్టాట్ కొట్టింది. వరసలు పడ్డాయి. ఆమె పెన్సిలుతో అడుగు వరస చూపించింది. "ఇది ఫైలు పుట్టిన తేదీ సార్. బాబాయి పోయిన మర్నాడు."

రుమాలాయన వంగి చూశాడు. మొదటిసారి రుమాలు కిందికి దించాడు. "పుట్టడానికి ముందు నెలలోనే మార్చారా?"

"పాత సిస్టంనుంచి తెచ్చి ఇందులో ఎక్కించి ఉంటారు సార్," అన్నాడు సారు వెంటనే. "ఎక్కించిన రోజు పడుంటుంది."

"అలా కూడా జరుగుతుందా?"

పిచ్చుకకి అబద్ధం చెప్పడానికి అదొక మంచి చోటు. "జరుగుతుంది సార్," అంది. సారు ఊపిరి వదిలిన చప్పుడు ఆమె మెడకి తగిలింది. "కానీ దీన్ని ఎక్కించలేదు. ఆ రోజు పొద్దున సారు కొత్తగా టైపు చేశారు. ఆ పొద్దునే నేను తేదీ మార్చాను."

"మార్చడానికి వీలవుతుందా? చెయ్యి పడదన్నారుగా?"

ఆమె గ్రీజు కాగితానికి పోయిన ఏడాది తేదీ ఇచ్చి ఎంటర్ కొట్టింది. కిటికీలోంచి వాళ్ళు చూస్తుండగానే వరండా తెరమీద ఆ కాగితం అట్టడుగుకి పోయింది. రుమాలాయన పెన్ను మూత తీశాడు.

"ఎవరు చెప్తే మార్చావు?"

"సారు."

"రాసిచ్చారా?"

"లేదు సార్."

"ఇంకెవరైనా విన్నారా?"

"తలుపు వేశారు."

సారు ఆమెను చూస్తున్నాడు. కోపంగా కాదు, ఇంట్లో పిల్ల దొంగతనం చేసి దొరికితే పెద్దవాళ్ళు చూసినట్టు. "నాకీ కంప్యూటర్ల సంగతి ఏం తెలుసు సార్? ఈ మూల కూర్చుని ఈ అమ్మాయి ఏం చేస్తుందో నేనెలా కనిపెట్టను? రాసిపెట్టమని ఎప్పుడో చెప్పా. మర్చిపోయి, తీరా ఇలా జరిగేసరికి భయపడి ఏదో చేసినట్టుంది. ఏంటమ్మా ఈ పని? నాతో ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా."

పిచ్చుక తెరవైపే చూస్తూ, "మార్చింది నేనే సార్," అంది. "ఆయన దిగిన రోజున ఈ కాగితం లేదు. అది రాసుకోండి."

రుమాలాయన రాసుకున్నాడు.

నాలుగు రోజులకి పెద్దాఫీసునుంచి జవాబు వచ్చింది. ప్రమాదం జరిగిన నాటికి బావిలోకి దిగడం గురించి లిఖితపూర్వక సూచన ఏదీ లేదు కనుక మృతుడి తప్పు లేదని తేల్చారు. గది అలాగే ఉంచి ఉద్యోగం భార్యకి ఇవ్వమన్నారు. సూచన తేదీని సిస్టం ఆపరేటరు మార్చినట్టు ఆమే ఒప్పుకుంది కనుక ఆమెను పనినుంచి తొలగించమన్నారు. ఆ పని ఎవరైనా చెయ్యమన్నట్టు ఆధారం లేదన్నారు. సారు ఇకమీదట మరింత శ్రద్ధ వహించాలన్నారు. గ్యాస్ మీటరు మాట అందులో ఎక్కడా లేదు.

మర్నాడు పొద్దున సారు ఆమె దగ్గర తాళాలు తీసుకుని లెక్కపెట్టుకున్నాడు. "వయసు చిన్నది. ఇంకెక్కడైనా దొరుకుతుందిలే," అన్నాడు. ఆయన చొక్కా మడత నలగలేదు.

పిచ్చుక తన గ్లాసు, దువ్వెన, చిన్న అద్దం సంచిలో వేసుకుని వరండాలోకి వచ్చింది. తెర ఆపేసి ఉంది. దాని ముందు పిన్ని నిలబడి ఉంది. బాబాయి చొక్కా వేసుకుంది. చేతులు పొడుగైతే పైకి మడిచింది. కాళ్ళకి కొత్త రబ్బరు బూట్లు. పక్కనే పంపు ఆపరేటరు ఏ వాల్వు ఎటు తిప్పాలో గాలిలో చేతులు తిప్పి చూపిస్తున్నాడు. పిచ్చుకను చూసి ఆయన ఆపేశాడు.

పిన్ని జేబులోంచి కళ్ళజోడు తీసింది. కాడ అతికించి ఉంది. విప్పి, మూసి, మళ్ళీ విప్పింది.

"అయితే ఆ కాగితం అప్పుడు లేదు."

"లేదు పిన్నీ."

"నేనిక్కడే నిలబడి దీని సంగతి నీకు చెప్పాను."

"చెప్పావు."

"నావల్లే పోయాడా అని అడిగితే తల ఊపావు."

పిచ్చుక ఏదో అనబోయింది. సారు పేరు, పర్మనెంటు కాగితం, మూసిన తలుపు, అన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ ఆ ప్రశ్నకి జవాబు కాదు. "ఊపాను పిన్నీ," అంది.

"ఎన్ని రాత్రులు దీన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నానో తెలుసా నీకు?" పిన్ని గొంతు పెంచలేదు. "నువ్వు తర్వాత ఏం చెప్పావో, ఎవరిముందు చెప్పావో, అది వేరు. నిన్ను అడిగింది నేను. నన్ను అలా పంపించావు."

ఆమె కళ్ళజోడు జేబులో పెట్టుకుని, బూట్లు నేలకి బరువుగా తగులుతుండగా వాల్వుల గదివైపు నడిచింది.

బయట వాన మొదలైంది. మెట్లు దిగి రెండడుగులు వేసిందో లేదో వెనకనుంచి పంపు ఆపరేటరు పిలిచాడు.

"పిచ్చుకా! గొడుగు మర్చిపోయావు."

వాల్వుల గది గుమ్మంలో పిన్ని ఆగింది. వెనక్కి తిరగలేదు.

"దాన్ని ఆ పేరుతో పిలవకు," అంది. "అది ఆయన పెట్టిన పేరు."

ఆపరేటరు గొడుగు పట్టుకుని మెట్లదాకా వచ్చి నోరు తెరిచి, ఏమని పిలవాలో తెలియక, ఊరికే చెయ్యి చాపాడు. ఆ అమ్మాయి వానలో వెనక్కి వచ్చి గొడుగు తీసుకుంది. తెరవకుండానే గేటు దాటింది.